మా హాలు బండల్లో నా కోడు

కర్నూల్లో కట్టుకుంటున్న మా ఇంటి హాల్లో ఈ రోజు బండలు పరిచారు. బేతంచెర్ల తెల్లరాయి, కడప నల్లరాయి చదరంగం గళ్లలా రావాలి. ఆ ఒక్క మాట మేస్త్రీకి చెబితే సరిపోయేది. కానీ నేను కాలేజీలో పైథాన్ ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పేవాణ్ని కదా! కోడులో గళ్లకు మాట్రిక్స్ రాసి, దాన్నుంచి బొమ్మ తీసి, సరిగ్గా చూడకుండానే మా ఆవిడకు పంపేసి క్లాసుకెళ్లిపోయాను.

సాయంత్రం వచ్చి చూస్తే హాలంతా నలుపు, తెలుపు చారలు.

"గళ్లు యాడ?" అని అరిచాను.

"నువ్వు పంపిన బొమ్మ చూసే పరిపిస్తిని. దాంట్లో యాడుండాయప్పా గళ్లు?" అంటూ మా ఆవిడ ఫోన్ చూపించింది.

కోడు తెరిచాను. ఒకే వరుస తయారుచేసి దాన్నే వరుసలన్నిటికీ వాడాను. అందుకే ఒకచోట ఏది మార్చినా అన్నిట్లోనూ మారిపోయింది. ఏటా బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి మరీ పిల్లల్ని హెచ్చరించే తప్పు ఇదే.

"మార్చేకి అయితాదా?" అని అడిగింది.

"ఎంతసేపు? ఒక్క లైను" అన్నాను ధీమాగా.

"నేనడుగుతాండేది బండలు. సిమెంటు ఆరిపోతాంది."

ఎవరడిగినా డిజైనే అంత అని చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. గృహప్రవేశానికి అందరూ రండి. పైథాన్ తెలిసినవాళ్లు మాత్రం దయచేసి కిందికి చూడకండి.