ఒనొరిన్ పూలసంచులు

సో అనే ఊళ్లో లావెండర్ కోతలు ముగిసి పూలు ఎండాయంటే, ఒనొరిన్ బుట్ట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. బీరువాలు, సొరుగులు తెరిచి, బట్టలకు మంచి వాసన పట్టాలని దుప్పట్ల మడతల్లో నిరుడు పెట్టిన పూలసంచులు తీసి వాసన చూసేది. ఇంకా ఉంటే అరచేతుల్లో నలిపి మళ్లీ లోపల పెట్టేది. పోయి ఉంటే కుట్టు విప్పి, పాతపూలు దులిపేసి, కొత్తవి నింపి కుట్టేది. ముప్పై ఏళ్లుగా అదే ఆమె పని.

ఒక చలికాలం ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కుకు వాసన తెలియడం పోయింది. కాఫీ తాగితే వేడినీళ్లు తాగినట్టుండేది. ఈ సంగతి తెలిస్తే తనను ఎవరు పిలుస్తారు? అందుకే నోరు మెదపలేదు. సెప్టెంబరు రాగానే మామూలుగా బయల్దేరింది. సంచిని వేళ్లతో నొక్కి, లోపల పొడిపొడిగా తగిలితే మార్చేది. ముక్కు దగ్గర పెట్టుకోవడం మాత్రం మానలేదు.

రొట్టెల కొట్టు ఫిలొమెన్ ఆమెకు బడినాటి స్నేహితురాలు. ఏటా ఏదో ఒక వంక పెట్టందే వదలదు. ఆ రోజు ఒనొరిన్ ఆమె బీరువా తెరిచి, ఒక సంచి వాసన చూసి, "బానే ఉందే. ఇంకో ఏడాది వస్తుంది" అంది.

"సరిగ్గా చూశావా?"

"చూశాన్లే. నీలాగా నాకు అనుమానం జబ్బు లేదు."

"ఉన్ని కోట్లకి పురుగు పట్టిందని బీరువా నిండా కలరా ఉండలు పోశానే. తిడతావనుకున్నా. గుమ్మంలో నిలబడ్డ నాకే కళ్లు మండిపోతున్నాయి."

ఒనొరిన్ మంచం అంచున కూలబడింది.

"ఎప్పట్నించి?" ఫిలొమెన్ గొంతు తగ్గించి అడిగింది.

"ఫిబ్రవరి."

"నాకైనా చెప్పొద్దా?"

"నీకు చెబితే పొద్దున్నే రొట్టెలతోపాటు ఊరంతా పంచుతావు."

ఫిలొమెన్ ఆ మాట పట్టించుకోలేదు. తలకు రుమాలు కట్టుకుని బుట్ట అందుకుంది.

"లే. తర్వాతిల్లు ఎవరిది? నువ్వు వాసన చూసి నాకందియ్యి. పాడైతే దగ్గుతాను."

మూడో ఇంట్లో ఆమె ఆగకుండా దగ్గింది. ఒనొరిన్ ఆరు సంచులు విప్పేసింది.

"అన్నీ పోయాయా?" అని బయటికొచ్చాక అడిగింది.

"లేదే, గొంతులో దుమ్ము పడింది. నువ్వు ఆగితేగా."

ఇద్దరూ వీధి మధ్యలో నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వారు.

అప్పటినుంచి ప్రతి శరత్కాలమూ కలిసే తిరిగారు. ఒనొరిన్‌కు మోకాళ్ల నొప్పులని, అందుకే తోడు వస్తున్నానని ఫిలొమెన్ అందరికీ చెప్పేది. మూడో ఏడు వసంతంలో ఒనొరిన్ ముక్కు కొద్దికొద్దిగా తేరుకుంది. ఆ ముక్క స్నేహితురాలికి చెప్పడానికి సెప్టెంబరు దాకా తటపటాయించింది, తెలిస్తే ఇక రాదేమోనని. చివరికి బయల్దేరే రోజున చెప్పింది.

"మంచిది. అయితే ఈసారి బుట్ట నువ్వే మొయ్యి" అని ఫిలొమెన్ ముందు నడిచింది.