పన్నెండు ముట్టని పూస

2021 నవంబరు. ప్రొద్దుటూరులో నా గడియారాల అంగడికి రాజుపాలెం మస్తానయ్య వచ్చాడు. కువైట్ ఎడారిలో గొర్రెలు కాసే పని ఆయనది. సెలవు ముగిసి వారంలో తిరిగి పోవాలి. బల్ల మీద మూడు వాచీలు పెట్టాడు. మూడూ నిలిచిపోయాయి, మూడింటి నిండా సన్నటి ఇసుక.

“నువ్వు బాగుచేసిచ్చావు మామా, ఆడికి పోతానే మళ్లా నిల్చిపోతాది. సెల్లుకు చార్జింగు శుక్రవారం ఊర్లోకి పోతేనే. మసీదు దూరం, అజాన్ ఇనపడదు. జుహర్ అందాజుగా చదువుతాండా. మనసు ఒప్పుకోదు.”

సూర్యుడు నడినెత్తి నుంచి వాలితేనే మధ్యాహ్నపు నమాజు, జుహర్ వేళ. అంతకుముందు చదివితే చెల్లదు. మదరసాలో చదివినవాణ్ణి, అందాజు అన్న మాట నాకూ గుచ్చుకుంది. ఇసుక దూరడానికి యంత్రమే లేని గడియారం ఒకటి మా ఉస్తాదు నేర్పాడు. దాని పేరు కార్డ్ సన్‌డయల్, అంటే రేకు మీది ఎండ గడియారం.

పోస్టుకార్డంత ఇత్తడి రేకు మీద నిలువుగా గంటల గీతలు గీశాను. పైభాగంలో అడ్డంగా అక్షాంశాల గీతలు, వాటిని కోస్తూ నెలల గీతలు. అక్షాంశమంటే భూమధ్యరేఖ నుంచి మనం ఎంత ఎగువన ఉన్నామన్న కొలత. మన ఊరికి దాదాపు పదిహేను డిగ్రీలు, కువైట్‌కు ఇరవైతొమ్మిది. పాత గోడగడియారం ముళ్లు రెండింటిని కీలుతో కలిపి చిన్న చెయ్యి చేశాను. దాని కొసకు దారం, దారం మీద జారే నల్లపూస, కింద సీసపు గుండు. ఊరి గీత, నెల గీత కలిసే చోటికి చెయ్యి కొసను జరపాలి. దారాన్ని పక్కనున్న నెలల కొలత మీదికి లాగి, పూసను అక్కడ నిలపాలి. తర్వాత రేకును ఎండకు ఎదురుగా వాల్చి, పై అంచున ఉన్న మేకు నీడ ఆ అంచు వెంబడే పడేలా పట్టుకోవాలి. వేలాడే పూస ఏ గీత దగ్గర ఆగితే సూర్యుడి గంట అదే. పొద్దున పూస పన్నెండు వైపు నడుస్తుంది, పొద్దు వాలగానే వెనక్కి తిరుగుతుంది. ఊరు మారితే చెయ్యి జరిపితే చాలు.

చెయ్యిని మన ఊరి గీత మీద ఉంచి, అంగడి ముందు ఎండలో ఆయన చేతనే మూడుసార్లు చేయించి పంపాను.

మూడు వారాలకు ఫోను.

“ఏం రేకిచ్చినావు మామా? ఈడ మధ్యాన్నమే కాలేదు! పూస తొమ్మిది దాటి రవ్వంత పోతాది, ఆణ్ణించి ఎనక్కి తిరుగుతాది. మొదటిదినం పన్నెండు ముడతాదని చూచ్చా కూచుంటే పొద్దు గుంకింది. జుహరూ పాయ, సాయంత్రం అసరూ పాయ.”

నా చేతి పని వల్ల ఒకరి నమాజు తప్పింది.

“చెయ్యి కువైట్ గీత మీదికి జరిపినావా?”

“అది యాడ జరుగుతాది?”

“ఏమైంది?”

“లొడలొడ ఆడతాంటే, తొందర్లో బిగించడం మర్చిపోయినావేమో అని వచ్చేముందు మన బంగారంగళ్ల కాడ ఆచారితో టంకం పెట్టిచ్చినా. శానా గట్టిగా పెట్టినాడు మామా!”

అంత దిగులులోనూ నవ్వు ఆగలేదు. పాపం, ఆయన ప్రొద్దుటూరు ఆకాశాన్నే బిగించి కువైట్‌కు మోసుకుపోయాడు. పూస కొలిచేది సూర్యుడి ఎత్తునే; అక్కడి శీతాకాలపు ఎండ మన ఎండంత ఎత్తుకు ఎక్కదు. ఇక పూస పన్నెండు ఎలా ముట్టేది?

“కంచె బిగించే ప్లైరు ఉందా?”

“చేతిలోనే ఉంది.”

“టంకం కాడ నిదానంగా నొక్కు. చెయ్యి ఇరిగితే రేకు దేనికీ పనికిరాదు.”

“అట్లా చెప్పాకు మామా. ఉండు, సెల్లు రాయి మీద పెట్టి నొక్కుతా.”

బిస్మిల్లా అన్నాడు. తర్వాత టక్కుమంది.

“ఏది ఇరిగింది మస్తానప్పా?”

“టంకమే. ఆడతాంది మామా, లొడలొడ ఆడతాంది!”

మరుసటి శుక్రవారం మళ్లీ ఫోను చేశాడు. “పన్నెండు ముట్టింది మామా. ఎనక్కి తిరిగేదాకా చూసి, అప్పుడు నిలబడినా.” తప్పిన నమాజులు కూడా చదివేశానన్నాడు. అల్‌హందులిల్లా అన్నాను.

తప్పు ఆచారిది కాదు. వదులుగా ఉన్నదాన్ని బిగించడం మా ఊరి చేతుల గుణం. చెయ్యి ఎలా జరపాలో చెప్పాను గానీ, ఎందుకు వదులుగా ఉండాలో నేను చెప్పలేదు. అప్పటి నుంచి నేను చేసే ప్రతి రేకు వెనక సూదితో చెక్కుతున్నాను: “ఈ చెయ్యి ఆడాల. బిగించొద్దు.”

మా దగ్గర పొద్దు వాలిన రెండు గంటలకు ఆయన దగ్గర వాలుతుంది. ఆ వేళకు ఏ వాచీ విప్పి కూర్చున్నా, ఒకసారి తలెత్తి బయటి నీడను చూస్తాను. అక్కడ పూస పన్నెండు ముడుతూ ఉంటుంది.