నల్లపూత కింద

అన్నయ్యకు క్యారేజీ ఇచ్చి పోదామని బళ్లు బాగుచేసే షెడ్డుకు వచ్చిన పిల్ల ఇరవయ్యారేళ్లయినా ఇంకా ఇంటికి తిరిగి వెళ్లలేదని డ్రైవర్లు సరదాకి అంటుంటారు. అందులో అబద్ధం కొంచెమే. ఆ రోజు ఒక జీపు బంపరుకు పట్టిన తుప్పు చూసి, ఇనుప బ్రష్షు అందుకుని, ఇనుము తెల్లగా తేలేదాకా గీకింది. అప్పటినుంచి అందరికీ గీకుడక్కే. పెళ్లిచూపులకు వచ్చినవాడు ఆమె గోళ్లలో ఎరుపు చూసి తోటపని ఇష్టమా అని అడిగాడట. "మట్టి కాదండి, తుప్పు" అంది. అయినా చేసుకున్నాడు, ధైర్యవంతుడే.

కొండదారుల్లో తిరిగే బళ్లకు ఇంజను కింద ఒక మందపాటి ఇనుప రేకు ఉంటుంది. అడుగున రాయి తగిలితే ఆ దెబ్బ అదే కాయాలి. ఆ రేకును గీకుడక్క కళ్లతో చూసి నమ్మదు. చిన్న సుత్తితో జానెడు జానెడుకీ కొడుతుంది. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మూలుగుతుంది. మూలిగిన చోటల్లా సుద్దముక్కతో సున్నా చుడుతుంది.

మొన్న సోమవారం, కొండ మీది ఊళ్లకు నర్సును తీసుకెళ్లే జీపు వచ్చింది. రేకు పైకి నిగనిగలాడుతోంది. మూడేళ్ల కింద రబ్బరులాంటి నల్లపూత దట్టంగా వేసింది తనే. సుత్తితో కొడితే మూలిగింది. పక్కన కొట్టింది, అక్కడా అంతే. ఉలితో పూత లేపితే కింద తడి వాసన, పొరలుగా ఊడివచ్చే ఎర్రటి పెచ్చులు. ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. పూత వేసినప్పుడు వారమంతా ముసురు. రేకు ఆరకముందే తొందరపడి పూసేసింది. లోపల చిక్కిన తడి మూడేళ్లు తీరిగ్గా ఇనుమును తింది.

అన్నయ్య వంగి చూసి గొంతు తగ్గించాడు. "రేకు పాతదైపోయిందని చెప్పి కొత్తది వేసేద్దాం. మన పరువు మనమే తీసుకోవడం ఎందుకు?"

"మసిపూసి మారేడుకాయ చేసింది చాలన్నయ్యా" అని ఆమె డ్రైవరును పిలిచింది. "తమ్ముడూ, తప్పు నాది. తడి మీద పూత వేశాను. రెండు రోజులు బండి కదలదు."

డ్రైవరు కిందికి దూరి స్క్రూడ్రైవరుతో పొడిచాడు. మొన సులువుగా దిగిపోయింది. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పోయిన వారం వాగులో అడుగున రాయి తగిలిందక్కా. నర్సమ్మ పక్కనే ఉన్నారు" అన్నాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"కొత్తది మీరే వెయ్యండి. పూసేముందు మాత్రం నాకు చూపించండి" అని అతను బండి తాళాలు బల్ల మీద పెట్టాడు.

కుళ్లిన రేకు విప్పేసింది. కొత్తదాన్ని కొలిచి కోసి, గీకి, ఎండలో పెట్టి, గంటగంటకూ అరచేత్తో తడిమింది. డ్రైవరు వచ్చి తనూ తడిమి చూసి తలూపాకే ప్రైమరు డబ్బా మూత తీసింది. బుధవారం సాయంత్రం జీపు వెళ్లిపోయింది.

"గండం గడిచింది" అంటూ అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు.

"గడవలేదు. ఆ ముసురులోనే ఇంకో మూడు బళ్లకు పూశాను."

"వాళ్లెవరూ అడగలేదు కదమ్మా."

"అడిగేలోపు రాయి తగిలితే?"

అన్నయ్య ఆమె ముఖంలోకి చూశాడు. మొదలుపెడితే అడుగు తేలేదాకా వదలదని అతనికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. నిట్టూర్చి, జేబులోంచి ఫోను తీశాడు.

"ముందు ఎవరికి చెయ్యమంటావు?" అన్నాడు.