రాచర్ల పుట్టగొడుగుకి పేరు దొరికింది

పొద్దున ఆరున్నరకి నరసరావుపేటలో రైలెక్కాను. రాచర్ల దగ్గరి పల్లెలో ఉండే మా సుబ్బమ్మ చిన్నమ్మ ఫోన్లో ఏడ్చింది మరి. పోయినేడు ఆమె వండిన పుట్టగొడుగుల కూర తిని ఇంటిల్లిపాదికీ వాంతులయ్యాయి. అప్పటినుంచి ఆమె చేతి కూర ఎవరూ ముట్టడం లేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే నేను, ఆమె పంపిన గొడుగులు రెండుసార్లు చూసి కూడా రకం తేల్చలేకపోయాను. అన్నీ కాడ తుంచినవే, ఒళ్లు మండింది.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది. ఎదురు సీటు పెద్దాయన నా సంచిలోని చిన్న గునపం చూసి, "ఏందమ్మా, నిధి తవ్వను పోతాండావా?" అన్నాడు. అంతకంటే ఎక్కువే అన్నాను. గిద్దలూరులో దిగి, ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి పదకొండు దాటింది.

చిన్నమ్మ పుట్టగొడుగులు తెచ్చే చెదల పుట్ట దగ్గరికి పోయాక అసలు సంగతి తెలిసింది.

"నాగమ్మ ఉండే పుట్ట. తుంచుకోవాల గానీ పీకగూడదు" అంది చిన్నమ్మ. ఊరంతా అదే పద్ధతట. నాకు కావలసింది మట్టిలో ఉండే ఆ కింది కాడే! చాలాసేపు బతిమాలితే, పసుపునీళ్లు చల్లి దండం పెట్టి, "పక్కనించి తవ్వు తల్లీ" అంది. తవ్వాను. కాడ సన్నబడుతూ, వేరులా మూరెడు లోతుకి దిగి చెదల గూటికి అతుక్కుని ఉంది. గంతేశాను. టెర్మిటోమైసిస్! చెదపురుగులు సాగుచేసే, మనం తినే రకం.

మరి వాంతులెందుకు? చిన్నాన్న నసుగుతూ గొర్రెల దొడ్డి పక్కన మొలిచినవి చూపించాడు. "పోయినేడు ఇయ్యి గూడ బుట్టలో ఏసినా. అన్నీ ఒకటే అనుకున్నా."

కాడలు తుంచేశాక రెండూ ఒకేలా కనబడ్డాయన్నమాట. రెండు రకాలనూ తెల్ల కాగితాల మీద బోర్లించి గిన్నెలు మూశాను. సాయంత్రం ఎత్తితే, పుట్టవాటి కింద లేతగులాబి పొడి, దొడ్డివాటి కింద ఆకుపచ్చ పొడి రాలి ఉన్నాయి, వాటి విత్తనాల్లాంటివి అవి. ఆ పచ్చదే విషపు రకం. మీరు మాత్రం రంగొక్కటే చూసి వండుకోకండి, తెలిసినవాళ్లకి వేరుతో సహా చూపించండి. చిన్నమ్మయితే ఆ కాగితాలు పట్టుకుని వీధివీధీ తిరిగింది, పండగే పండగ.

మర్నాడు కూర ఉడుకుతుండగానే నా రైలుకి టైమైంది. తినకుండా వచ్చానని బాధగానే ఉన్నా, ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత గర్వం ఎన్నడూ ఎరగను. కంభం దాటాక చిన్నమ్మ ఫోన్ చేసింది.

"మీ చిన్నాన్న రెండుసార్లు ఏసుకున్నాడు. పక్కింటోళ్లు వచ్చినారు, ఎదురింటోళ్లు వచ్చినారు. సట్టి ఊడ్చినారు పాపా, నాకొక్క ముక్క మిగల్చలేదే!"