అచ్చు తీసిన తెరచాప పడవ

కవరైపేట్టై దగ్గర ఫైబర్ పడవలు చేసే షెడ్డులో నేను పనిచేస్తున్నాను. పులికాట్ సరస్సులో తిరిగే పాతకాలపు చిన్న తెరచాప పడవలు కనుమరుగవుతున్నాయని, అదే ఆకారంలో కొత్తవి చేయాలని మా ఓనరు అనుకున్నాడు. అచ్చు తీయడానికి సరస్సు ఒడ్డునుండే ఒక అక్క తన చెక్క పడవ ఇచ్చింది. చనిపోయిన భర్త స్వయంగా చేసిన పడవ అది.

"ఏమీ కాదక్కా, ఉన్నది ఉన్నట్టు తెచ్చిస్తా" అని మాటిచ్చింది నేనే.

అచ్చు ఊడదీసేటప్పుడు, దానికోసం పడవకు పూసిన రెసిన్ జిగురు పట్టేసి పాత పలకలు విరిగిపోయాయి. అచ్చు మాత్రం చక్కగా వచ్చింది. మొదటి కొత్త పడవను ఆమె దగ్గరికి తీసుకెళ్లి, తల దించుకుని జరిగింది చెప్పాను. ఆమె అందులో ఎక్కి కూర్చుని తెరచాప విప్పమంది. గాలికి పడవ ఒక పక్కకు ఒరిగింది.

"ఆయన పడవ మాదిరే ఒరుగుతా ఉంది తమ్ముడూ" అంది. పడవ అంచు తడిమి, "ఆ పలకలు యాడ పెట్టినారు?" అని అడిగింది.

షెడ్డులో టీ కాచే పొయ్యిలోకి పోయాయని చెప్పాను. ఆమె ముఖం అటు తిప్పుకుంది.

ఇప్పుడు ఆ పడవలు వరసగా చేస్తున్నాం. ఆమె ఊళ్లో దించాల్సి వస్తే మాత్రం వేరేవాళ్లను పంపుతున్నాను.