ఉత్త నీళ్ళ ఆవిరి

మార్చి నెలలో టకర్ కొండ మీద ఎవరి పాక కప్పులోంచి తెల్లటి ఆవిరి లేచినా అది పిలుపు కిందే లెక్క. విడిగా ఎవరూ ఎవరినీ పిలవరు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది వారాలే మేపుల్ చెట్లు రసం కారుస్తాయి. కారిన రసాన్ని ఆగకుండా కాచి పాకం చెయ్యాలి. పెనం దగ్గరున్న మనిషి అక్కణ్ణించి కదలడానికి వీల్లేదు. అందుకని మిగతావాళ్ళే వస్తారు. తలుపు తట్టరు. బూట్ల బురద గడప దగ్గర విదిల్చి లోపలికొచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంటారు. ఆ తర్వాత కబుర్లే.

ఈ ఏడు మార్చి అంతా నెల్డా కోబర్న్ పాకలోంచి ఆవిరి లేవలేదు.

నిజానికి అది నెల్డా పాక అని ఎవరూ అనరు. మెర్టన్ పాక అంటారు. మెర్టన్ ఆమె అన్న. ఇద్దరూ పెళ్ళి మాట తలపెట్టకుండా పుట్టిన ఇంట్లోనే ఉండిపోయారు. కిందటి అక్టోబరులో, ఈ మార్చికి కావలసిన కట్టెలన్నీ కొట్టి కొట్టంలో పేర్చడం పూర్తి చేసి, చేతి తొడుగులు తీసి గుమ్మం మీద పెట్టి, అక్కడే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఒక్కతే చెట్లకు కన్నాలు పెట్టి బకెట్లు మోయలేదు గనక నెల్డా చెట్లన్నీ లోయకు అవతల ఉన్న ఆర్మండ్ గోడెట్‌కి అప్పజెప్పింది. అతను చెట్టుకీ చెట్టుకీ నీలం రంగు ప్లాస్టిక్ గొట్టాలు కట్టాడు. ఎండ కాసిన రోజుల్లో రసం ఆమె వంటింటి కిటికీ ముందునుంచే గొట్టంలో మెరుస్తూ ఆర్మండ్ పాకకు దిగిపోయేది. ఆమె గిన్నెలు కడుగుతూ చూసేది.

మెర్టన్ మాటకారి. వచ్చినవాళ్ళు అతని కోసమే వచ్చేవాళ్ళు. నెల్డా వంతు ఇంటిపని. ఆ ఇంట్లోకి కొనుక్కొచ్చిన తీపి ఎప్పుడూ లేదు. టీలోకైనా, చిక్కుళ్ళ కూరలోకైనా, గడ్డికోతల వేళ వెనిగర్‌తో, అల్లంతో కలిపి కుండలో పొలానికి పట్టుకెళ్ళే చల్లటి పానీయంలోకైనా మేపుల్ పాకమే. పొయ్యిలో బూడిద సబ్బుకి, గచ్చు తోమడానికి. చలికి పగిలిన చేతులకి దేవదారు బంక, మైనం కలిపి ఆమే లేపనం కాచేది. దగ్గుకి ఉల్లిపాయలు పలచగా తరిగి, సీసాలో పొరలు పొరలుగా పేర్చి, పాకం పోసి తెల్లారేదాకా ఊరనిచ్చి వడకట్టేది. ఇవన్నీ తల్లి చేస్తుంటే చూసి నేర్చుకున్నవి. గొప్పగా చెప్పుకోవలసినవని ఆమెకెప్పుడూ అనిపించలేదు.

పాకం కాచే రోజుల్లో పళ్ళెం నిండా డోనట్లు, గిన్నెడు పుల్లగా ఊరబెట్టిన దోసకాయలు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టేది. శుభ్రమైన మంచు మీద వేడి పాకం ధారగా పోసి, అది జిగురుగా సాగుతుంటే ఫోర్కుతో చుట్టుకుని తిని, మధ్యమధ్య దోసకాయ కొరకడం అక్కడివాళ్ళ అలవాటు. అంతా తినడంలో పడగానే నెల్డా బయటికి వెళ్ళిపోయేది. ఇంట్లోకి వెళ్ళిందనుకునేవాళ్ళు.

ఆమె ఇంట్లోకి వెళ్ళేది కాదు. పాకను ఆనుకునే కట్టెల కొట్టం ఉంది. పేర్చిన కట్టెలకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉండేది. అందులో నిలబడితే చెక్కల నెర్రెల్లోంచి మాటలన్నీ వినిపించేవి. పాక వెచ్చదనం కూడా కొంచెం తగిలేది. ఎవరి ఆవుకి దూడ పోయింది, ఎవరి పెళ్ళాం అలిగింది, ఎవరికి ఊపిరి ఆడటం లేదు, అన్నీ అక్కడే విన్నది. ఎవరైనా లోపల దగ్గితే, మర్నాడు వాళ్ళ ట్రక్కులో సీటు మీద ఉల్లిపాయల మందు సీసా ఉండేది. చేతులు పగిలాయని ఎవరన్నా మూలిగితే లేపనం డబ్బా. కాగితం ముక్క మీద పేరు రాయడం ఆమెకు తోచలేదు.

మెర్టన్ పోయిన వారం ఊరంతా కూరగిన్నెలు పట్టుకొచ్చారు. గిన్నెలు కడిగి తిరిగి ఇచ్చేసేదాకా గుమ్మంలో మనిషి అలికిడి ఉంది. తర్వాత లేదు. చలికాలమంతా ఆమె మాట్లాడింది పోస్టాఫీసులో, అదీ స్టాంపుల గురించి. మార్చి వస్తుంది, అప్పుడు చూద్దాం అనుకుంది. మార్చి వచ్చింది. లోయకు అవతల ఆర్మండ్ పాక మీద ఆవిరి లేచింది. ఒకరోజు డోనట్లు వేయించి, గుడ్డ కప్పి, కోటు తొడుక్కుని బయల్దేరింది. రోడ్డు పక్కన ఉత్తరాల డబ్బా దాకా నడిచింది. ఇంతవరకు తను ఎవరి పాకలోనూ బకెట్ మీద కూర్చోలేదన్న సంగతి అక్కడ గుర్తొచ్చింది. లోపలికెళ్ళి ఏమనాలి? వెనక్కొచ్చి డోనట్లు పక్షులకు చిదిపి వేసింది.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం చిత్తడి నేలలో చిరుకప్పలు కూత మొదలుపెట్టాయి. కప్పలు కూశాయంటే చెట్లు మొగ్గ తొడుగుతున్నట్టు, రసం చెడినట్టు. ఇంకో రోజో రెండు రోజులో అన్ని పాకలూ మూతపడతాయి. మళ్ళీ ఏడాది దాకా ఎవరూ పిలవకుండా ఎవరింటికీ రారు.

నెల్డా కాసేపు గుమ్మంలో నిలబడి ఆ కూతలు విన్నది. తర్వాత డోనట్లకు పిండి కలిపింది. అవి వేగాక వాగులోంచి బకెట్లతో నీళ్ళు మోసి పాకలో పెద్ద పెనం నింపింది. చేతులు లాగేశాయి. నీళ్ళలో ఒక సీసా వెనిగర్ కూడా కుమ్మరించింది. పొయ్యిలో మెర్టన్ పేర్చిన కట్టెలే పెట్టి అంటించింది. తాడు లాగి కప్పు తలుపులు తెరిచింది. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఆవిరి దూలాల దాకా లేచి, దారి వెతుక్కున్నట్టు తచ్చాడి, బయటికి పోయింది. గాలి లేని రోజు. ఆవిరి నిటారుగా పైకి పోతుంటే ఆమె వాకిట్లోకి వచ్చి తల ఎత్తి చూసింది. లోయ అవతలికి తప్పకుండా కనిపిస్తుంది.

మొదట వచ్చినవాడు ఆర్మండ్. ట్రక్కు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"అంటుకుందేమో అనుకున్నాను," అన్నాడు ఆయాసంతో. "ట్రక్కులో నీళ్ళ డబ్బాలు కూడా వేసుకొచ్చాను."

"లేదు."

"లేదని కనిపిస్తూనే ఉంది." పెనం మీదికి వంగి వాసన చూశాడు. పాకలో ఉండాల్సిన తీపి వాసన లేదు. ముక్కు చిట్లించాడు. "వెనిగరా? పెనం కడుగుతున్నావా?"

పెనం కడగడానికి వెనిగర్ నీళ్ళు కాచడం అందరూ చేసేదే. ఆ సీసా కుమ్మరించింది అందుకే, ఎవరైనా అడిగితే ఆ మాటే చెబుదామని. ఊఁ అంటే సరిపోయేది.

"కాదు," అంది నెల్డా. "ఉత్త నీళ్ళే. వెనిగర్ సాకు కోసం పోశాను."

ఆర్మండ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సాకు ఎవరికన్నా చెప్పావా?"

"ఇంకా ఎవరూ రాలేదు."

అతను పెనాన్నీ, బల్ల మీద డోనట్లనీ, దోసకాయల గిన్నెనీ చూశాడు. బకెట్ ఒకటి బోర్లించుకుని కూర్చున్నాడు. దోసకాయ ఒకటి తీసుకున్నాడు.

"మీ అన్న ఉంటే ఈపాటికి నా పాకం బురదలా ఉందనేవాడు."

"బురదలో చక్కెర వేసినట్టుందనేవాడు," అంది నెల్డా. "నీ ముసలి గుర్రం కూడా తాగదనేవాడు."

ఆర్మండ్ నమలడం ఆపాడు. "ఆ మాట నీకెలా తెలుసు? ఇవన్నీ పెట్టేసి నువ్వు ఇంట్లోకి పోయేదానివిగా."

నెల్డా కట్టెల కొట్టం తలుపు వైపు చూసింది. ఆర్మండ్ కూడా అటు చూశాడు. అర్థమయ్యాక నవ్వబోయి, మధ్యలో ఆగిపోయాడు.

"అయితే నేను మా ఆవిడ గురించి చెప్పినవన్నీ..."

"విన్నాను."

"వాళ్ళమ్మ గురించి?"

"అవి కూడా. అందులో కొన్ని నిజాలే."

అతను మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి మంటవైపు వంగాడు. "ఏటా మార్చిలో నాకు దగ్గొచ్చేది. ట్రక్కులో సీసా ఉండేది. మెర్టన్ పెట్టాడనుకుని ఒకసారి థాంక్స్ చెప్పాను. భుజాలెగరేసి ఊరుకున్నాడు. ఈ ఏడు దగ్గు వచ్చింది గానీ సీసా రాలేదు. ముసలాడు పోయాడు కదా అనుకున్నా."

"ఉల్లిపాయలు తరిగేది నేనే."

"ఎప్పుడన్నా చెప్పచ్చుగా."

నెల్డా పొయ్యి తలుపు తీసి, అక్కర్లేకపోయినా, ఒక కట్టె తోసింది.

"మేమేమనుకున్నామో చెప్పనా," అన్నాడు ఆర్మండ్. "నీకు జనం గిట్టరనుకున్నాం. మెర్టన్ కోసం ఇన్నాళ్ళూ ఓర్చుకున్నావు, ఇక నిన్ను నీ మానాన వదిలెయ్యడం మర్యాద అనుకున్నాం. కొండ కింది హోలిస్ ఒకసారి వద్దామన్నాడు కూడా. నేనే వద్దన్నాను."

"నాకు మాట్లాడటం చేతకాదు," అంది నెల్డా. "వినడం బాగుంటుంది."

ఆర్మండ్ తల ఊపాడు. పాలు పితికే వేళయిందని లేచాడు. "రేపు మా పాకకి రా. రసం మొగ్గ వాసనొస్తోంది, అయినా కాస్తాం."

"చూస్తాను," అంది ఆమె. రాదని ఇద్దరికీ తెలుసు. ట్రక్కు శబ్దం కొండ దిగి పోయింది.

నీళ్ళు సగానికి మరిగాయి. నెల్డా మంట ఆర్పేద్దామా అనుకుంటుండగా వాకిట్లో ఇంకో బండి ఆగింది. రెండు తలుపుల చప్పుడు. మగగొంతు, ఆడగొంతు. హోలిస్ పైక్, అతని భార్య జోనీ. కొండ కింద పొలం వాళ్ళు, కుర్రవాళ్ళు. నెల్డా ఏమీ అనుకోకముందే కాళ్ళు ఆమెను కట్టెల కొట్టంలోకి తీసుకుపోయాయి. అలవాటైన సందులో అలవాటైనట్టు నిలబడింది.

"ఎవరూ లేరే," అన్నాడు హోలిస్ లోపలికొచ్చి.

"ఇంట్లోకెళ్ళిపోయి ఉంటుంది. మన బండి చూసి పారిపోయుంటుంది," అంది జోనీ.

"ఊరుకో."

"నిజమేగా. ఆవిడ నాతో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. మన పెళ్ళికి కూడా దోసకాయల సీసా గుమ్మంలో పెట్టి పోయింది."

"మంచి దోసకాయలవి."

"మంచివే. మనిషి ఏది?" జోనీ పెనం దగ్గరికి నడిచినట్టుంది. "హోలిస్, ఇవి నీళ్ళు."

నీళ్ళు తెర్లుతున్న చప్పుడొక్కటే.

"పాపం," అన్నాడు హోలిస్, గొంతు తగ్గించి. "ఇంటి తలుపు తట్టి చూద్దామా?"

"వద్దు. సిగ్గుపడుతుంది. మనం చూసినట్టు తెలియకుండా పోదాం పద."

నెల్డా గోడకు వీపు ఆనించింది. ఎదుట కట్టెల గోడ నిటారుగా, దారం పట్టి పేర్చినట్టుంది. మెర్టన్ ఏ ఏడు పేర్చినా ఇంత సందు వదిలేవాడు. ఎందుకని ఒకసారి అడిగితే గాలాడటానికి అన్నాడు. రెండో పక్క మాత్రం కట్టెలు గోడకు ఆనుకునే ఉంటాయి. గాలి అటు అక్కర్లేదా అని అడగాలని ఆమెకు ఇన్నేళ్ళలో తోచలేదు. అక్టోబరులో, అలసిపోయి కూర్చోబోయే ముందు కూడా, ఇటువైపు ఈ సందు వదిలాడు.

అవతల బూట్లు గడప వైపు కదిలాయి.

ఆమె చేతికందిన కట్టెలు గుండెకు హత్తుకుంది, మోయగలిగినదానికన్నా ఎక్కువే. తలుపును మోకాలితో నెట్టింది. గడప దగ్గర ఇద్దరూ వెనక్కి తిరిగారు. జోనీ ముఖం ఎర్రబడింది. పైనున్న కట్టె జారి కింద పడింది.

"హోలిస్," అంది నెల్డా. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. "ఆ పొయ్యి తలుపు తీసి పట్టుకో. మంట తగ్గిపోతోంది."

హోలిస్ గబగబా వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఒక్కొక్క కట్టే లోపలికి తోసింది. జోనీ కిందపడ్డ కట్టె తీసి అందించింది.

"ఇవి నీళ్ళు కదూ?" అంది జోనీ మెల్లగా.

"నీళ్ళే. డోనట్లు ఉన్నాయి."

జోనీ ఒకటి తీసుకుంది. హోలిస్ రెండు. ఇద్దరూ బకెట్లు బోర్లించుకుని కూర్చున్నారు. మెర్టన్ బకెట్ పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండేచోటే ఉంది. నెల్డా దాని మీద కూర్చోలేదు. మూలనుంచి ఇంకొకటి తెచ్చి, దాని పక్కన బోర్లించి, కోటు కిందికి లాక్కుని కూర్చుంది. బకెట్ అనుకున్నదానికన్నా ఎత్తు తక్కువగా ఉంది. మోకాళ్ళు పైకి వచ్చాయి.

బయట కప్పలు కూస్తున్నాయి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఊఁ," అంది. "చెప్పండి."