సుగుణమ్మగారి దగ్గర నేర్చుకున్న పురుడు

మొన్న మనవరాలిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆమె పొట్టకు ఏదో యంత్రం కట్టారు. మజ్జిగ చిలికినట్టు బిడ్డ గుండె చప్పుడు గదంతా వినిపించింది. అందరూ ముచ్చటపడ్డారు. నాకు సుగుణమ్మగారు గుర్తొచ్చారు.

యాభైల చివర్లో ఆవిడ మార్టూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ మంత్రసానులకు శిక్షణ ఇచ్చే నర్సు. మంత్రసానైన మా అత్తగారు చూపు మందగించి, తన బదులు నన్ను పంపింది. సుగుణమ్మగారు ఒక చెక్క గొట్టం ఇచ్చి, నిండు చూలాలి పొట్టకు ఆనించి చెవి పెట్టమన్నారు. వినపడిందని గర్వంగా చెప్పాను.

"ఆమె మణికట్టు పట్టుకుని మళ్ళీ విను, జైనబూ. రెండూ కలిసి కొట్టుకుంటే నువ్వు విన్నది తల్లి నాడి. బిడ్డది ఇంకా వడిగా ఉంటుంది."

ఆ వడి నా చెవికి అలవాటు కావడానికి చాలా రోజులే పట్టింది.

మిరపకోతలప్పుడు పద్మ అనే రైతు కోడలికి నొప్పులొచ్చాయి. మధ్యాహ్నానికి, నొప్పి వచ్చి పోయాక కూడా బిడ్డ గుండె నెమ్మదిగానే కొట్టుకుంటోంది. నేను చెప్పగానే సుగుణమ్మగారు తానూ విని బయటికొచ్చారు.

"బండి కట్టించండి. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"నా పిల్లలందర్నీ ఈ మంచం మీదే కన్నా. కాస్త కడుపు నొక్కండమ్మా, అదే బయటపడుద్ది," అంది పద్మ అత్తగారు. మామగారు మిరపకాయల బస్తాలెత్తిన బండి చూపించి, "ఇప్పుడు ఇదంతా దించాలంటే..." అని నసిగాడు.

"నొక్కితే తల్లి కూడా దక్కదు," అంటూ సుగుణమ్మగారే వెళ్ళి ఒక బస్తా లాగి కింద పడేశారు. మిగతావి మామగారు దించాడు.

బండికి పట్టిన మిరప ఘాటుకు దారంతా దగ్గుతూనే పద్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాం. ఆసుపత్రిలో పద్మ బతికింది. బిడ్డ దక్కలేదు.

"దానికి చూపించకండి, బెంగపెట్టుకుద్ది," అంటూ అత్తగారు ఆ పసిగుడ్డును తీసుకుపోబోయింది. సుగుణమ్మగారు ఆమెతో వాదించలేదు. పద్మ పక్కన కూర్చుని, "ఎత్తుకుంటావా అమ్మా?" అని అడిగారు. పద్మ చేతులు చాచింది. చాలాసేపు చూసి, "మా ఆయన ముక్కే," అంది. అత్తగారు గోడకు చేరగిలబడి బావురుమంది.

తిరిగి వస్తుంటే, "గుండె చప్పుడు విని ఏం లాభమండీ?" అన్నాను.

"తల్లి మిగిలింది కదే. పొద్దున్నే బండి సిద్ధంగా ఉంటే బిడ్డా మిగిలేదేమో. ఇకనుంచి నెలలు నిండకముందే అత్తగార్లతో మాట్లాడదాం."

ఆ మాటలు చెప్పడానికి ఇంటింటికీ మాతో తిరిగింది పద్మ అత్తగారే.

ఆ తర్వాత ఎన్నో పురుళ్ళు పోశాను. చాలావరకు మరిచిపోయాను. దక్కని బిడ్డలు మాత్రం గుర్తున్నారు. తల్లిని అడగకుండా వాళ్ళలో ఒక్క బిడ్డను కూడా ఎవరినీ తీసుకుపోనివ్వలేదు.